ఇనుము అయిపోగానే ఆపేసిన బోర్లు: ఒక రాగి-ఇనుము ప్రాస్పెక్టు కేస్ స్టడీ

ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో, కొండలు మైదానంలోకి దిగే అంచున ఉన్న ఒక బ్లాకు గురించి ఇది. క్లయింటు, ఊరు, పనిచేసిన ఏజెన్సీల పేర్లు తీసేశాను. కొలతలు, గ్రేడులు ఎవరూ గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చాను, వాటి మధ్య సంబంధం మాత్రం చెదరనివ్వలేదు. ఏ మలుపు దగ్గర ఎందుకు అటే తిరిగామన్నది రిపోర్టుల్లో చోటు దొరకని విషయం. ఫీల్డుకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను తరచూ అడిగేది కూడా అదే. అందుకని ఫలితం కంటే ఆలోచనే ఎక్కువ రాస్తున్నాను.

నేపథ్యం

విశాఖ చుట్టుపక్కల రాళ్ళు తెలిసినవాళ్ళకి రాగి మీద పెద్ద ఆశలుండవు. కైలాసగిరి ఎక్కినా, డాల్ఫిన్స్ నోస్ చూసినా ఎక్కువగా ఖోండలైటే. దాని మధ్యలో చార్నకైటు, లెప్టినైటు, అక్కడక్కడ సున్నం పాళ్ళు ఎక్కువున్న కాల్క్-గ్రాన్యులైటు పట్టీలు. భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి రూపు మారి పైకొచ్చిన రాళ్ళివి. ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది మాంగనీసు, బాక్సైటు, గ్రాఫైటు. విజయనగరం వైపు మాంగనీసు తవ్వకం 1892లోనే మొదలైంది. కాశీపట్నం దగ్గర అపటైటు, వెర్మిక్యులైటు, మాగ్నెటైటు కలిసి దొరకడం పాత సంగతే. రాగి అంటే మాత్రం అగ్నిగుండాల, మైలారం పేర్లు చెబుతాం. అవి వేరే రాళ్ళు, వేరే కథ.

ఇనుముది ఇంకో తీరు. విశాఖలో ఇనుప ఖనిజమంటే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి కేకే రైల్వే లైన్ మీద దిగే ఎర్రరాయి. పోర్టు దగ్గర కాపురం ఉన్నవాళ్ళకి ఆరేసిన బట్టలే ఆ సంగతి చెబుతాయి. ఇంత పెద్ద స్టీల్ ప్లాంటు ఊళ్ళో ఉంది, దానికి సొంత ఇనుప గని లేదు. కాబట్టి నాలుగు వందల కిలోమీటర్లు దాటి రైలు ప్రయాణం చేయనక్కర్లేని ఇనుము దగ్గర్లో కనిపిస్తే ఎవరికైనా లెక్కలు వేయాలనిపిస్తుంది.

మన బ్లాకులో ఉన్నది అలాంటి దగ్గరి ఇనుమే, కాకపోతే నల్లరాయి. ఈశాన్యం నుంచి నైరుతికి సాగే చిన్న గట్టు, దాని మీద మాగ్నెటైటు (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) బండలు. దిగువన చెరువు గట్టు పక్క పొలాల్లో నాగలికి చిట్టెం తగులుతుంటుంది. పూర్వం అక్కడ ఇనుము కరిగించారు. కొందరు ఆ చిట్టేన్నే రాగి కరిగించిన గుర్తుగా చెప్పుకుంటూ వచ్చారు. మేం పగలగొట్టి చూసిన ముక్కల్లో రాగి ఉంటే కనిపించే పచ్చదనం ఎక్కడా లేదు, పరీక్షకి పంపితే రాగి రాలేదు. అది ఇనుప చిట్టెమే.

1970ల్లో ఒక ప్రభుత్వ ఏజెన్సీ ఇనుము కోసం ఈ గట్టుని పరిశీలించింది. ట్రెంచీలు తీసింది, కొన్ని బోర్లు వేసింది. ఖనిజం కొద్దిగానే ఉందని, ఫాస్ఫరస్, సల్ఫర్ ఇబ్బంది పెడతాయని తేల్చి ఫైలు మూసేసింది. ఆ రిపోర్టులో ఒకచోట, దాటిపోతూ రాసినట్టు, ఒక ట్రెంచీలో పచ్చ మరకలు కనిపించాయన్న వాక్యం ఉంది. దాని తర్వాత ఏమీ లేదు.

2011 ఫిబ్రవరిలో లండన్ మార్కెట్లో టన్ను రాగి పదివేల డాలర్లు దాటింది. ఆ ఊపులో ఒక ప్రైవేటు కంపెనీ ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ప్రాస్పెక్టింగ్ లైసెన్స్ తీసుకుంది.

సమస్య

వాళ్ళు మా దగ్గరికి వచ్చేటప్పటికే మూడు బోర్లు వేసి ఉన్నారు. మూడింటిలోనూ రాగి లేదు సరికదా, పైన కళ్ళెదుట కనిపిస్తున్న ఇనుము కూడా తగల్లేదు! భాగస్వాముల మధ్య మాటలు పెరిగాయి. "గట్టు మీద గజం మందాన రాయి ఉంది కదా సార్, కింద మాయమైపోద్దా?" అని పెద్ద భాగస్వామి అడిగారు. సర్వే చేసిన కాంట్రాక్టరు ఖనిజం ఇంకా లోతులో ఉందంటున్నాడు. నాలుగో బోరు మరో వంద మీటర్లు ఎక్కువ వేద్దామని ప్రతిపాదన.

నేను మొదట అడిగింది రాళ్ళ గురించి కాదు. బ్లాకు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందా అని అడిగాను. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఏజెన్సీ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు అన్న ప్రశ్నే లేదు. విశాఖలో పనిచేసేవాడు గట్టు ఎక్కే ముందు మ్యాపులో ఆ గీత ఎక్కడుందో చూసుకోవాలి. ఈ బ్లాకు గీతకి ఇవతల, మైదానం వైపు ఉంది. రిజర్వు ఫారెస్టు ఒక మూల మాత్రమే తగులుతోంది. అది తేలాకే కాగితాలు తెరిచాం.

కంపెనీ అప్పటికే మూడు సర్వేలు చేయించింది. మట్టి శాంపిళ్ళలో రాగి, ఐపీ (ఇండ్యూస్డ్ పోలరైజేషన్, నేలలోకి కరెంటు పంపి చూసే) సర్వే, అయస్కాంత సర్వే. మూడూ మూడు వేర్వేరు చోట్లు చూపించాయి. దేన్ని నమ్మాలో తెలియక, రంగులు ఎక్కువ స్పష్టంగా ఉన్న అయస్కాంత మ్యాపుని నమ్మారు. పైగా ఎవరో ఇచ్చిన ప్రెజెంటేషన్‌లో ఈ గట్టుని ఆస్ట్రేలియాలోని భారీ రాగి గని ఒలింపిక్ డ్యామ్‌తో పోల్చారు. 1992లో భూవిజ్ఞాని హిట్జ్‌మన్, ఆయన సహ రచయితలు ఐరన్ ఆక్సైడ్ రాగి-బంగారు నిక్షేపాలను ఒక కుటుంబంగా చెప్పినప్పటి నుంచి, మాగ్నెటైటు పక్కన పచ్చ మరక కనిపిస్తే చాలు, ఒలింపిక్ డ్యామ్ బొమ్మ ఒక స్లైడులో చేరిపోతోంది. మన దేశంలోనే జార్ఖండ్‌లో, సింగ్‌భూమ్ షియర్ జోన్‌లో (రాళ్ళు ఒరుసుకుని నలిగిన పట్టీ) రాగి, అపటైటు, మాగ్నెటైటు కలిసి ఉన్నాయి. పోలిస్తే ముందు దానితో పోల్చాల్సింది.

మూడు సర్వేలు ఏం చెప్పాయి

మట్టి శాంపిళ్ళతో మొదలుపెట్టాం. రెండు చోట్ల రాగి ఎక్కువ వచ్చింది. మొదటిది నల్లటి మాఫిక్ గ్రాన్యులైటు పట్టీ మీద. అలాంటి రాయిలో రాగి మామూలుగానే ఖోండలైటు కంటే ఎక్కువ ఉంటుంది, దాని మీద మట్టి కూడా ఎక్కువ చూపించడంలో వింత లేదు. శాంపిళ్ళన్నిటికీ ఒకే సగటు పెట్టి మిగతాదాన్ని అసాధారణం అనేశారు. రాయి రకాన్ని బట్టి విడదీసి సగటు కడితే ఆ మచ్చ మాయమైంది.

రెండోది గట్టుకి దూరంగా, పల్లంలో. కింద ఏ రాయి ఉందో కనిపించదు. అక్కడికెళ్ళి చూస్తే తమలపాకు తోటలు. తోట గట్టు మీద కూర్చున్న రైతుని అడిగాను, తెగులుకి ఏం కొడతారని. "మైలుతుత్తం, సున్నం కలిపి కొడతాం బాబూ. మా నాన్న కాలం నుంచీ అదే మందు" అన్నాడు. మైలుతుత్తమంటే కాపర్ సల్ఫేటు. దశాబ్దాలుగా చల్లిన మందు పై అంగుళాల మట్టిలో పేరుకుపోయింది. సరిచూసుకోడానికి అదే చోట మోకాలి లోతు తవ్వి తీసిన మట్టిలో రాగి మామూలు స్థాయికి పడిపోయింది. కింద నుంచి వచ్చిన రాగి అయితే లోతుకి వెళ్ళేకొద్దీ తగ్గి మాయం కాదు. మ్యాపు మీద ఆ మచ్చని కొట్టేశాం.

ఇక ఐపీ. సల్ఫైడులు, అంటే రాగి లాంటి లోహాలు సల్ఫర్‌తో కలిసిన ఖనిజాలు, కరెంటుని కొంతసేపు పట్టి ఉంచుతాయి, ఐపీ కొలిచేది దాన్నే. అయితే గ్రాఫైటు కూడా అదే పని చేస్తుంది, ఇంకా గట్టిగా చేస్తుంది. ఖోండలైటులో గ్రాఫైటు రేకులు ఉండటం ఇక్కడ ప్రతి విద్యార్థికీ తెలిసిన విషయం. ఐపీ మ్యాపులో వెడల్పుగా వచ్చిన పెద్ద పట్టీ మీద నడిస్తే, రోడ్డు కోతలో రాయిని వేలితో రుద్దగానే పెన్సిల్ మసి అంటుకుంది. ఆ పట్టీ కింద సల్ఫైడు లేదని దీంతో రుజువు కాదు. ఉన్నా లేకపోయినా ఐపీ ఇక్కడ ఒకే జవాబు చెబుతుంది కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకుని బోరు వేయలేం. ఐపీని మరింత దగ్గర గ్రిడ్డులో మళ్ళీ చేయిద్దామన్న ప్రతిపాదనని అందుకే ఒప్పుకోలేదు. అడిగిన ప్రశ్నే తప్పయినప్పుడు ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు.

అయస్కాంత మ్యాపు దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది.

మ్యాపులో ఎక్కువ విలువలకి ఎరుపు, తక్కువ వాటికి నీలం వేశారు. మూడు బోర్లూ ఎర్ర మచ్చల నడినెత్తిన నిలువుగా వేశారు. స్వీడన్‌లోని కిరునాలో అయితే ఇది దాదాపు సరిపోతుంది. అక్కడ భూ అయస్కాంత క్షేత్రం నేలలోకి 75 డిగ్రీలకు పైగా వంగి దిగుతుంది, మాగ్నెటైటు ఎక్కడుందో ఎరుపు ఇంచుమించు అక్కడే పడుతుంది. విశాఖలో ఆ వంపు ఇరవై డిగ్రీల పైచిలుకే. క్షేత్రం దాదాపు నేలకి సమాంతరంగా ఉత్తరానికి పోతుంటుంది. ఇలాంటి చోట నిటారుగా ఉన్న మాగ్నెటైటు పట్టీకి దక్షిణాన ఎరుపు వస్తుంది, పట్టీ నెత్తి మీద నుంచి కాస్త ఉత్తరానికి నీలం వస్తుంది. రాయి ఉండేది ఆ రెంటికీ మధ్య, నీలానికి దగ్గరగా. గట్టు మీద కనిపిస్తున్న బండలు మ్యాపులో ఎరుపు మీద పడకపోవడం సర్వేవాళ్ళకి అనుమానం తెప్పించాల్సింది. వాళ్ళు దాన్ని పైపై బండలుగా తీసేసి, అసలు ఖనిజం ఎరుపు కింద లోతులో ఉందని అనుకున్నారు.

ఇలాంటి ఇబ్బంది తప్పించడానికి డేటాని ధ్రువం దగ్గర కొలిచినట్టుగా మార్చే పద్ధతి ఒకటుంది. కాంట్రాక్టరు ఆ మ్యాపు కూడా ఇచ్చాడు. వంపు ఇంత తక్కువున్న చోట ఆ లెక్క నిలకడగా ఉండదు, ఉత్తర దక్షిణాలుగా చారలు లాగేస్తుంది. మ్యాపు నిండా చారలే. దాన్ని పక్కనపెట్టి అనలిటిక్ సిగ్నల్ అనే మరో లెక్కతో మ్యాపు వేయించాం. అది కూడా అయస్కాంత దిశ ప్రభావం నుంచి పూర్తిగా తప్పించుకోదు గానీ చాలావరకు తట్టుకుంటుంది. దాని శిఖరం గట్టు మీద కనిపించే బండల వరుసకి సరిగ్గా వచ్చి కూర్చుంది. తర్వాత బండల మీద ససెప్టిబిలిటీ (రాయి ఎంతగా అయస్కాంతమవుతుందో) కొలిచి, ఆ విలువలతో మోడల్ కడితే, మాగ్నెటైటు పట్టీ వాయవ్యానికి నిటారుగా ఒరిగి దిగుతున్నట్టు వచ్చింది.

మూడు బోర్లూ పట్టీకి ఆగ్నేయాన మొదలై నిలువుగా దిగాయి. పట్టీ వాయవ్యానికి వాలిపోతోంది. అంటే బోరు ఎంత లోతుకి వెళితే ఖనిజానికి అంత దూరమవుతుంది. నాలుగో బోరు వంద మీటర్లు ఎక్కువ వేసి ఉంటే మరికాస్త దూరం జరిగేది, అంతే.

పాత కాగితాల్లో సల్ఫర్

ఇప్పటికి ఇనుము ఎక్కడుందో తెలిసింది. రాగి గురించి ఇంకా ఏమీ తెలియదు. కొత్త బోరు వేసే ముందు 1970ల రిపోర్టు అనుబంధాలు పూర్తిగా చదవాలని పట్టుబట్టాను. క్లయింటుకి అది కాలయాపనలా అనిపించింది. రిగ్గు రోజుకి ఎంత తింటుందో ఆయనకీ తెలుసు కాబట్టి చివరికి ఒప్పుకున్నారు.

అస్సే (ఖనిజ పరీక్ష) పట్టికలో ఉన్న కాలమ్స్ ఇనుము, సిలికా, అల్యూమినా, ఫాస్ఫరస్, సల్ఫర్. రాగి లేదు. ఇనుము కోసం వెళ్ళినవాళ్ళు రాగి ఎందుకు చూస్తారు! కానీ సల్ఫర్ చూశారు, ఎందుకంటే ఉక్కుకి అది చేటు. ఆ కాలమ్ మీద వేలు పెట్టి కిందికి వస్తే ఒక వరుస కనిపించింది. పైన ఉన్న శాంపిళ్ళలో సల్ఫర్ నామమాత్రం. బోరు చివరికొచ్చేసరికి పెరుగుతోంది. ఒక బోరులో ఆఖరి శాంపిల్‌లో ఒకటిన్నర శాతం. ఒక్క బోరులో అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. పట్టీ పొడవునా ఉన్న బోర్లలో చాలావాటికి ఇదే తీరు.

ఇక్కడ చిన్న లెక్క. రాగి ఖనిజమైన చాల్కోపైరైటులో రాగి, సల్ఫర్ బరువులో దాదాపు సమానం, ఒక్కోటి మూడోవంతు పైచిలుకు. ఆ ఒకటిన్నర శాతం సల్ఫర్ మొత్తం చాల్కోపైరైటుదే అయితే రాగి కూడా ఒకటిన్నర శాతం దగ్గర ఉంటుంది. అది ఇనుప సల్ఫైడులైన పైరైటుదో పైరోటైటుదో అయితే రాగి సున్నా. సల్ఫర్ ఒక్కటీ రాగికి సాక్ష్యం కాదు, వెళ్ళి చూడాల్సిన చోటు మాత్రం చెబుతుంది.

మరి బోర్లన్నీ సరిగ్గా అక్కడే ఎందుకు ఆగాయి? అప్పట్లో ఆ పనిలో ఉన్న ఒక పెద్దాయన రిటైరై వాల్తేరులో ఉంటున్నారని తెలిసి వెళ్ళాం. కాఫీ ఇప్పించి, ఆయనే చెప్పారు. "మాకు ఇనుము చూడమని ఆర్డరు బాబూ. డైమండు బిట్టు మీటరు మీటరుకీ లెక్క. ఇనుము దాటాక ఒకటి రెండు మీటర్లు వేసి ఎత్తేసేవాళ్ళం. అంతకు మించితే ఆడిట్లో ఎందుకని అడిగేవారు."

"పచ్చ మరక మీరే రాశారా మాస్టారూ?"

"నేనే. రాసినందుకు ఎవరూ ఏమీ అనలేదు, అడగనూ లేదు."

ఆయన బోర్లు వాయవ్యం నుంచి వాలుగా, ఆగ్నేయానికి వేశారు. పై రాయి దాటి, మాగ్నెటైటు దాటి, అవతలి కాల్క్-గ్రాన్యులైటు తగలగానే ఆపేశారు. సల్ఫర్ పెరుగుతున్నది సరిగ్గా ఆ అవతలి అంచున, పట్టీకి అడుగు వైపు, అంటే ఫుట్‌వాల్ దగ్గర. కొత్త కంపెనీ బోర్లు ఆ అంచుకి ఇంకా ఆగ్నేయాన మొదలయ్యాయి. ఒకరు దాన్ని ముట్టుకుని ఆగారు, ఇంకొకరు దాన్ని దాటి దిగారు.

కోర్ షెడ్డు

పాత కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీలు) చూడటానికి ఉత్తరాలు రాయడం, అనుమతి తెచ్చుకోవడం ఆలస్యమైన పని. షెడ్డులో చెక్క పెట్టెల అడుగులు చెదలు తినేశాయి. కాగితం లేబుళ్ళు పోయాయి. అల్యూమినియం రేకు మీద గీకిన నంబర్లు మాత్రం మిగిలాయి. కొన్ని బోర్ల పెట్టెలు అసలే లేవు. మాకు కావాల్సినవి ప్రతి బోరులోనూ ఆఖరి పెట్టెలు. వాటిలో మూడొంతులు దొరికాయి.

మొదట తెరిచిన పెట్టె బాగా గుర్తుంది. ఎడమ చివర మాగ్నెటైటు, బరువుగా, నల్లగా, పెన్ను అయస్కాంతానికి లటుక్కున అతుక్కుంటోంది. కుడివైపు జరిపేకొద్దీ రాయి నలుపే, బరువూ అంతే, కానీ అయస్కాంతం జారిపోతోంది. గరుకు పింగాణీ పెంకు మీద గీస్తే ఎడమ ముక్క నల్ల గీత గీసింది, కుడి ముక్క కుంకుమ గీత గీసింది. మాగ్నెటైటు హెమటైటుగా మారిపోయింది, అంటే మార్టైటు. దాని పక్కనే ఆకుపచ్చ నలుపు క్లోరైటు నలిగిన పొరలుగా ఉంది, అందులో ఇత్తడి రంగు గింజలు. కత్తి మొనతో గీకితే గింజ తెగింది, పొడి పచ్చ నలుపుగా రాలింది. పైరైటు కత్తికి తెగదు, ఇది చాల్కోపైరైటే. అక్కడక్కడ ఊదారంగు తిరిగిన బోర్నైటు కూడా ఉంది, అదీ రాగి ఖనిజమే.

చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాలతో లోహాల పాళ్ళు చెప్పే మెషీను) పెట్టి చూస్తే రాగి గట్టిగానే పలికింది. ఆ మెషీను గింజ మీద పెడితే ఒకలా, పక్కన పెడితే ఒకలా చెబుతుంది. కాబట్టి ఆ అంకెలు ఎవరికీ చెప్పకుండా, మిగిలున్న సగం కోర్‌లో పావు భాగం అనుమతితో కోసి ల్యాబుకి పంపాం. క్లయింటు రోజూ ఫోన్ చేసి "ఎంతొచ్చింది సార్" అని అడిగేవారు. ల్యాబు కాగితం వచ్చేదాకా చెప్పలేదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంకె ఒకసారి వాట్సాప్ ఎక్కిందంటే దాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

ల్యాబులో అర శాతం నుంచి ఒకటికి కాస్త పైగా వచ్చింది.

ఇక్కడ ఒక అనుమానం తీర్చుకోవాలి. నేలకి దగ్గరగా ఉంటే వానకి, గాలికి కూడా మాగ్నెటైటు మార్టైటుగా మారుతుంది. అలా మారితే దానికీ రాగికీ సంబంధం ఉండనక్కర్లేదు. కానీ ఈ బోర్లలో పైన ఉన్న మాగ్నెటైటు తాజాగా ఉంది, దాని కింద, ఇంకా లోతులో, ఫుట్‌వాల్ దగ్గర మార్టైటు ఉంది. ఎండా వానా పైవాటిని వదిలేసి కిందిదాన్ని మార్చవు. ఫుట్‌వాల్ వెంట కదిలిన షియర్ జోన్‌లోంచి వేడి ద్రవాలు పైకొచ్చి, మాగ్నెటైటుని మార్చి, రాగిని వదిలాయన్నది మా నిర్ధారణ. ఇనుము ముందు వచ్చింది, రాగి చాలా తర్వాత, దాని అంచు వెంట వచ్చింది. ఇనుము మందంగా ఉన్న చోట రాగి ఎక్కువ ఉండాలన్న ఊహకి ఈ గట్టు మీద ఆధారమే లేదు.

గ్రావిటీ ఎందుకు

అంచున రాగి ఉందని తెలిసింది. ఆ అంచు ఎంత మందం, పొడవునా ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అన్నది తెలియకుండా బోర్ల చోట్లు ఎంచలేం. మార్టైటుకి అయస్కాంతం బలహీనం కాబట్టి అయస్కాంత సర్వేకి అది కనిపించదు. కానీ బరువు తగ్గదు, ఆ బరువుని పట్టేది గ్రావిటీ (గురుత్వ) సర్వే. హెమటైటు, మాగ్నెటైటు రెండిటి సాంద్రతా 5.2 దగ్గరే. చుట్టూ ఉన్న ఖోండలైటు, చార్నకైటు మూడు లోపే. గ్రాఫైటు తేలిక కాబట్టి ఐపీని మోసం చేసినట్టు గ్రావిటీని మోసం చేయలేదు. ఒలింపిక్ డ్యామ్ పోలిక ఎక్కడైనా పనికొస్తే ఇక్కడే. అక్కడ రాగి హెమటైటుతో ఉంది, 1975లో ఎడారి కింద మూడొందల మీటర్ల పైచిలుకు రాయి దాటి మొదటి బోరు వేయడానికి దారి చూపిన వాటిలో గ్రావిటీ ఒకటి. పోల్చాల్సింది వాళ్ళ ఆలోచనతో, వాళ్ళ సైజుతో కాదు.

గ్రావిటీకి కష్టం ఎత్తులతో. స్టేషన్ ఎత్తు మీటరు తప్పితే 0.2 మిల్లీగాల్ (గురుత్వ కొలమానం) తేడా వస్తుంది, మనం వెతుకుతున్న సంకేతమే ఒక మిల్లీగాల్ చుట్టూ. అందుకని ప్రతి స్టేషన్ ఎత్తుని కచ్చితమైన ఉపగ్రహ కొలత డీజీపీఎస్‌తో కట్టాం, పక్క కొండల లాగుడుకి టెర్రెయిన్ కరెక్షన్ చేశాం. మాఫిక్ గ్రాన్యులైటు కూడా బరువే కాబట్టి, మ్యాపు చేసిన పట్టీని మోడల్‌లో విడిగా పెట్టాం.

ఫలితంలో రెండు చోట్ల గ్రావిటీ పొంగు అయస్కాంత మోడల్ అంచు దాటి ఆగ్నేయానికి జరిగింది. బరువు ఉంది, అయస్కాంతం లేదు. ఒకటి గట్టు మధ్యలో, ఒకటి ఈశాన్యపు కొసన.

బోర్లు

క్లయింటు ఆగ్నేయం నుంచి వేద్దామన్నారు. అటు పాత బోర్ల రోడ్డు ఉంది, రిగ్గు నిలబెట్టే చదును ఉంది, రైతులతో మాట కూడా అయిపోయింది. నేను వద్దన్నాను. పట్టీ వాయవ్యానికి 70 డిగ్రీలు దిగుతోంది. ఆగ్నేయం నుంచి 50 డిగ్రీల వాలుతో బోరు వేస్తే రెండిటి మధ్య కోణం 20 డిగ్రీలే. బోరు రాగి పొరని అడ్డంగా కోయకుండా దాని వెంటే జారుకుంటూ పోతుంది. కోర్‌లో పది మీటర్ల రాగి కనిపిస్తుంది, అసలు మందం మూడున్నర మీటర్లు కూడా ఉండదు. అదే వాయవ్యం నుంచి వేస్తే కోణం 60. కొత్త రోడ్డు కావాలి, పై రాయిలో మీటర్లు ఎక్కువ పోతాయి. అయినా వచ్చే మందం నమ్మదగ్గది. ఆ పది మీటర్ల అంకెని పెట్టుబడిదారులకు చూపించాలన్న కోరిక ఉన్నవాళ్ళకి ఈ వాదన నచ్చదు. మా క్లయింటు కాసేపు మౌనంగా ఉండి సరేనన్నారు.

డ్రిల్లర్‌కి ఒకటే షరతు పెట్టాం. మాగ్నెటైటు దాటాక కనీసం ముప్పై మీటర్లు వేయాలి, ఏమీ కనిపించకపోయినా. షియర్ జోన్‌లో క్లోరైటు మెత్తన, నీళ్ళ ఒత్తిడికి కొట్టుకుపోతుంది. రాగి ఉన్నది అందులోనే. అందుకని అక్కడ కోర్ చెదరకుండా పట్టే ట్రిపుల్ ట్యూబు పెట్టి, ఒక్కోసారి కోసే పొడవు (రన్) తగ్గించాం. మేస్త్రీ విసుక్కున్నాడు గానీ కోర్ రికవరీ బాగా వచ్చింది.

గట్టు మధ్యలో వేసిన బోర్లన్నిటిలోనూ ఫుట్‌వాల్ దగ్గర రాగి తగిలింది. మంచి బోరులో అసలు మందం నాలుగు మీటర్లు, రాగి ఒక శాతానికి కాస్త పైగా. మిగతావాటిలో అర శాతం అటూ ఇటూ. లోతుకి వెళ్ళేకొద్దీ మార్టైటు తగ్గి, చాల్కోపైరైటు పోయి, పైరోటైటు పెరిగింది. నైరుతిలో పెగ్మటైటు అనే రాతి పట్టీ ఒకటి అడ్డంగా కోసి, దాని అవతల జోన్ సన్నబడిపోయింది.

ఎక్కడ ఆగాం

ఊహ నిజమైంది, గని మాత్రం కాలేదు. పొడవు, లోతు, మందం పెట్టి లెక్క కడితే రాగి సొంతంగా ఒక గనిని మోయలేదు. మరి మాగ్నెటైటుతో కలిపి తీస్తే? క్లయింటు ఆశ దాని మీదకి మళ్ళింది. "రెండూ ఒకే గుంటలోంచి వస్తాయి కదా సార్, ఖర్చు పంచుకుంటాయి."

చిన్న ఎత్తున ఖనిజశుద్ధి పరీక్షలు చేయించాం. ఫ్లోటేషన్‌లో (పొడిని నురగలో తేల్చి వేరు చేసే పద్ధతి) చాల్కోపైరైటు బాగానే తేలింది. చిక్కంతా పైరోటైటుతో. దానిలో ఒక రకానికి అయస్కాంతం ఉంటుంది, అది మాగ్నెటైటుతో పాటు అయస్కాంత డ్రమ్ముకి అతుక్కుని కాన్సంట్రేటులోకి వచ్చేస్తుంది, సల్ఫర్ పెంచేస్తుంది. దాన్ని ముందే తేల్చి తీయాలంటే ఇంకో సర్క్యూటు. అపటైటు వల్ల ఫాస్ఫరస్ సంగతి దానికి అదనం. 1970ల రిపోర్టు సల్ఫర్, ఫాస్ఫరస్ గురించి రాసింది అక్షరాలా నిజం.

ఆపమని రాతపూర్వకంగా సలహా ఇచ్చాను. రాగి దొరకనప్పుడు ఖర్చు పెట్టడానికి సిద్ధపడినవాళ్ళని, దొరికాక ఆపమనడం కష్టం. ఒక భాగస్వామి వేరే కన్సల్టెంటుని పెట్టుకుని రెండో అభిప్రాయం తీసుకున్నారు. అదీ ఇంచుమించు ఇదే.

తర్వాత చట్టం మారింది. 2015 సవరణతో గనులు వేలం పద్ధతికి మారాయి. పాత లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఇచ్చిన వెసులుబాటు 2021 సవరణతో ముగిసిపోయింది. 2023లో రాగితో సహా కొన్ని ఖనిజాలకి ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ అన్న కొత్త తలుపు తెరిచారు. ఆ తలుపులోంచి ఈ గట్టు మీదకి ఎవరైనా వస్తే, ఈశాన్యపు కొసన ఉన్న రెండో గ్రావిటీ పొంగు ఇంకా అలాగే ఉంది. అప్పట్లో అక్కడ జీడిమామిడి తోట యజమాని ఒప్పుకోలేదు, మేం వేయలేదు. మొదటి బోరు అక్కడ, వాయవ్యం నుంచి, మాగ్నెటైటు దాటాక ముప్పై మీటర్లకు తక్కువ కాకుండా వేయండి. అస్సే కాగితంలో రాగి, సల్ఫర్‌తో పాటు బంగారం, కోబాల్టు కూడా అడగండి. మేం వాటిని అతి తక్కువ శాంపిళ్ళలోనే చూశాం, ఆ కొద్ది శాంపిళ్ళూ గట్టు మధ్య భాగానివే.